వాన తగ్గలేదు, మరి మార్చికల్లా బోరు గాలి ఎందుకు కొడుతోంది?

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. చీపురుపల్లి దగ్గర మీ పల్లెలో వర్షపాతం ఏటా సగటుకు కాస్త అటూ ఇటూగానే ఉంటోంది. అయినా పదేళ్ళ కిందట మే దాకా ఆడిన బోరు ఇప్పుడు మార్చి మొదట్లోనే గాలి కొడుతోంది. బోరు బండివాళ్ళు 600 అడుగులకు దిగమంటున్నారు. సంతబొమ్మాళి వైపు తీరంలో ఉన్న మీ అత్తవారింట్లోనేమో బావి నీళ్ళు ఉప్పెక్కుతున్నాయి. ఇది వాతావరణ మార్పా, మనమే ఎక్కువ తోడేశామా, ఇప్పుడేం చేయాలి?

ముందుగా ఒక్క మాట. 600 అడుగుల బోరుకు ఇప్పుడే డబ్బు కట్టకండి. ఒక నవంబరులో, ఒక మేలో మీ నీటి మట్టం కొలిచాకే ఏ నిర్ణయమైనా తీసుకోండి. ఎందుకో తెలియాలంటే మీ ఊరి నేల కింద ఏముందో చూడాలి.

మే నెలలో ఊళ్ళో ఏదైనా పాత నేలబావిలోకి తొంగి చూడండి. పైన మీటరు, రెండు మీటర్ల ఎర్రమట్టి కనిపిస్తుంది. దాని కింద మొరం. ఆ కింద తెలుపు, పసుపు, ఇటుక రంగు కలిసిన మెత్త రాయి. గోటితో గీకితే పొడి రాలుతుంది, మధ్యమధ్య ఎర్ర రవ్వల్లాంటి గింజలు మెరుస్తాయి. అదే ఖోండలైట్, తూర్పు కనుమల రాయి. ఆ మెత్త రాయి అయిపోయి గట్టి రాయి మొదలయ్యే చోట గోడ చెమ్మగిల్లి, సన్నగా ఊట దిగుతుంటుంది. మీ ఊరి నీళ్ళన్నీ దాదాపు అక్కడే ఉన్నాయి. పై 15, 20 మీటర్ల మెత్త రాయి, దాని కింద ఇంకొన్ని పదుల మీటర్ల దాకా రాతి పగుళ్ళు, అంతే. నేల కింద నది పారుతోందని, ఎంత లోతుకు పోతే అంత నీరని అనుకోవడం మన రాతి నేలలకు పనికిరాదు. గోదావరి డెల్టా ఒండ్రు వేరు, మన రాయి వేరు.

ఈ మెత్త రాయి చూడటానికి మందంగా ఉన్నా అది పట్టుకునే నీరు చాలా తక్కువ. 100 లీటర్ల రాతిలోంచి బావిలోకి దిగే నీరు ఒకటి నుంచి మూడు లీటర్లే. ఖోండలైట్ కుళ్ళితే బంకమట్టి, సుద్ద ఎక్కువ వస్తాయి కాబట్టి లోపల చెమ్మ ఉన్నా వదలదు. తీరం ఇసుక అయితే అదే 100 లీటర్లకు 16 లీటర్ల దాకా ఇస్తుంది. ఈ తేడా గుర్తుంటే మిగతాదంతా తేలిగ్గా అర్థమవుతుంది.

ఒక చిన్న లెక్క చూడండి. విజయనగరం, శ్రీకాకుళం, మన ఈ రెండు జిల్లాల్లో సగటు వర్షపాతం ఏడాదికి 1100 మి.మీ. చుట్టుపక్కల ఉంటుంది. రాతి నేలల్లో అందులో 5 నుంచి 10 శాతమే కిందికి ఇంకుతుంది. లెక్క తేలికకు 8 శాతం అనుకుంటే 88 మి.మీ. రాయి 2 శాతం నీరే పట్టుకుంటుంది కాబట్టి ఆ 88 మి.మీ. నీటికే బావిలో మట్టం 4.4 మీటర్లు పైకి వస్తుంది. తోడేటప్పుడూ ఇదే లెక్క. ఊరంతా కలిసి 10 మి.మీ. ఎక్కువ తోడితే మట్టం అర మీటరు దిగుతుంది. అంటే మీ కింద ఉన్నది చెరువు కాదు, లోతులేని తొట్టె. ఒక మంచి వానాకాలానికి నిండుతుంది, ఒక్క వేసవికే అడుగంటుతుంది. రెండేళ్ళ కరువుకు సరిపడా దాచిపెట్టే చోటు అందులో లేదు. వాతావరణ మార్పు మనల్ని దెబ్బతీసేది సరిగ్గా ఇక్కడే.

వాన మొత్తం మారకపోయినా వాన పడే తీరు మారింది. 2020లో కేంద్ర భూవిజ్ఞాన శాఖ ప్రకటించిన అంచనా ప్రకారం 1901 నుంచి 2018 మధ్య దేశపు సగటు ఉష్ణోగ్రత సుమారు 0.7 డిగ్రీలు పెరిగింది. నైరుతి కాలంలో వాన లేని విరామాలు 1951–80తో పోలిస్తే 1981–2011లో 27 శాతం ఎక్కువయ్యాయి. మధ్య భారతంలో ఒక్క రోజులో 150 మి.మీ. దాటి కురిసే వానలు 1950 నుంచి 2015 లోపు 75 శాతం పెరిగాయి. గాలి ఒక డిగ్రీ వేడెక్కితే సుమారు 7 శాతం ఎక్కువ తేమను మోయగలదు. అందుకే ఆగినప్పుడు ఎక్కువ రోజులు ఆగుతుంది, పడినప్పుడు కుమ్మరిస్తుంది.

కుమ్మరిస్తే ఇంకదా అని అడుగుతారు. ఇక్కడ చాలామంది పొరబడతారు. పెద్ద వాన అంతా వృథా అన్నది నిజం కాదు. 10 మి.మీ., 15 మి.మీ. జల్లులు ఎన్ని పడినా పైమట్టి తడిసి ఆరిపోతుంది, కిందికి చుక్క దిగదు. మొక్కల వేర్లుండే పొర తడిసి నిండడానికే 100 మి.మీ. పైగా కావాలి. ఆ తర్వాత పడినదే బావికి చేరుతుంది. కాబట్టి రెండు రోజులు ఆగకుండా ముసురు పట్టిన వాయుగుండం వాన బావికి అన్నిటికన్నా మేలు. చెడు ఎక్కడంటే గంట లెక్కలో. ఇసుక కలిసిన ఎర్ర నేల గంటకు 20 నుంచి 30 మి.మీ. పీల్చుకుంటుంది, బంక కలిసిన నేల 5 నుంచి 10 మాత్రమే. గంటలో 60 మి.మీ. పడితే సగానికి పైగా గెడ్డలో, అంటే ఊరి వాగులో కలుస్తుంది. పైగా మన ఎర్ర నేలల మీద చినుకు గట్టిగా పడితే పైన సన్నని పెచ్చు కట్టి ఉన్న పీల్పు కూడా తగ్గుతుంది. దున్ని వదిలేసిన ఖాళీ మెట్ట భూమిలో ఇది కళ్ళకు కనిపిస్తుంది. వాన వెలిసిన మర్నాడు పైన అప్పడంలా పెచ్చు లేస్తుంది, దాని కింద రెండు అంగుళాల లోతున మట్టి పొడిగానే ఉంటుంది.

రెండో దెబ్బ ఆగస్టు విరామం. పూర్వం ఆరుద్ర, పునర్వసు కార్తెల్లో నాట్లు పడితే బోరు స్టార్టర్ ముట్టుకునే పని ఉండేది కాదు. ఇప్పుడు వరి మడి నెర్రెలు తీస్తుంటే వానాకాలంలోనే మోటారు వేస్తున్నారు. అంటే తొట్టె నిండాల్సిన నెలల్లోనే ఖాళీ చేస్తున్నాం.

మూడోది తుపాను తర్వాతి ఎండ. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్, 2018 అక్టోబరు 11న తిత్లీ, 2021 సెప్టెంబరు 26న గులాబ్, మూడూ మన వైపే తీరం దాటాయి. అలాంటి వానతో తొట్టె అంచుదాకా నిండుతుంది, నిండాక పడినది ఇంకదు, పైనుంచే పోతుంది. ఆ తర్వాత నవంబరు నడిమి నుంచి జూన్ దాకా చెప్పుకోదగ్గ వాన ఉండదు. ఎంత పెద్ద తుపాను వచ్చినా తొట్టె సైజు పెరగదు కదా. కాబట్టి ఆ ఏడు నెలలు ఎలా తోడామన్నదే మార్చిలో బోరు ఆడుతుందా లేదా అన్నది తేలుస్తుంది.

మరి తప్పు వానదా మనదా? ఈ ప్రశ్నకు ఊహతో కాకుండా రెండు అంకెలతో జవాబు వస్తుంది. నవంబరు ఆఖరి మట్టం, మే ఆఖరి మట్టం. నవంబరులో మట్టం ఎప్పటిలాగే పైకి వస్తూ, మేలో మాత్రం ఏటా లోతుకు పోతుంటే నిండటంలో లోపం లేదు, తోడకం ఎక్కువైంది. నవంబరులోనే మట్టం కోలుకోవడం లేదంటే ఇంకడం తగ్గింది. అప్పుడు వాన తీరు, పూడిన బందలు (ఊరి చిన్న చెరువులు), తెగిన కాలువలు, కప్పేసిన గెడ్డలు, వానాకాలపు మోటార్లు చూడాలి. రెండు అంకెలూ దిగుతుంటే రెండు జబ్బులూ ఉన్నాయి. చీపురుపల్లి, గరివిడి, గుర్ల, అటు లావేరు, రణస్థలం మెట్టల్లో రబీ మొక్కజొన్న బోర్ల కింద బాగా పెరిగింది కాబట్టి మీ ఊళ్ళో మొదటిదే పెద్ద కారణం అని నా అంచనా. కానీ అంచనా మీద ఆగకండి, కొలవండి. రాష్ట్ర భూగర్భ జల శాఖకు మండలాల్లో పీజోమీటర్ బోర్లు, అంటే నీటి మట్టం కొలవడానికే వేసిన బోర్లు ఉన్నాయి. వాటి మట్టాలు రాష్ట్ర జలవనరుల సమాచారం ఉంచే ఏపీ డబ్ల్యూఆర్ఐఎంఎస్ వెబ్‌సైట్లో అందరికీ కనిపిస్తాయి. మీకు దగ్గర్లో ఉన్నదాని పాత నవంబరు, మే అంకెలు రాసుకుని మీ కొలతల పక్కన పెట్టండి.

కొలవడం ఇలా. నేలబావికైతే రాయి కట్టిన తాడూ, టేపూ చాలు. బోరుకు రెండు తీగల సన్నని వైరు 50 మీటర్లు తీసుకోండి. ఒక కొస దగ్గర రెండు తీగల మీదా అర అంగుళం చొప్పున తొక్క తీసి, అవి ఒకదానికొకటి తగలకుండా టేపు చుట్టండి. బరువుకు చిన్న ఇనుప నట్టు కట్టండి. రెండో కొసకు మల్టీమీటర్ తగిలించి రెసిస్టెన్స్ కొలిచే చోట పెట్టండి. కొస నీటిని తాకగానే అంకె పడిపోతుంది. వైరు మీద మీటరు మీటరుకు గుర్తు వేసి ఉంచితే లోతు వెంటనే తెలుస్తుంది. ఇక్కడ జరిగే పొరబాట్లు మూడు. మెయిన్ ఆపకుండా దించడం, ఇది ప్రాణాలకే ప్రమాదం. మోటారు ఆపిన గంటకే కొలవడం, కనీసం 12 గంటలు ఆగాలి కాబట్టి తెల్లవారుజాము మంచిది. కేసింగ్ గొట్టం నేల పైకి ఎంత ఉందో తీసివేయకపోవడం. వైరు మోటారు కేబుల్‌కు చుట్టుకుంటే బయటికి రాదు. అందుకే ఈసారి మోటారు పైకి తీసినప్పుడు దాని పక్కనే ముప్పావు అంగుళం పీవీసీ గొట్టం దించుకోండి, కొలత ఎప్పుడూ అందులోంచే. నెలకోసారి ఒకే తేదీన కొలిచి గోడ మీద రాయండి. ఊళ్ళో ఐదారు బోర్లయినా కలిస్తేనే దానికి విలువ.

ఇప్పుడు 600 అడుగుల సంగతి. మన రాతిలో నీటి పగుళ్ళు ఎక్కువగా పై 100 మీటర్లలోపే ఉంటాయి. లోతు పెరిగే కొద్దీ రాయి బరువుకు పగుళ్ళు మూసుకుంటాయి, నీరు పడే అవకాశం తగ్గుతుంది. ఒకవేళ లోతున పగులు తగిలినా అందులోకి నీరు వచ్చేది పై పొర నుంచే. మీరు అడుగున చిల్లు పెడితే పక్కవాళ్ళ బావుల్లోది మీ బోరులోకి జారుతుంది, తొట్టె సైజు మాత్రం పెరగదు. ఖర్చు పెరుగుతుంది. 30 మీటర్ల నుంచి ఎత్తే నీటిని 120 మీటర్ల నుంచి ఎత్తితే అదే నీటికి నాలుగు రెట్లు కరెంటు. పైగా రాతిలో ఎక్కువ కాలం నిలవున్న లోతు నీటిలో ఫ్లోరైడ్ ఎక్కువగా ఉండే చోట్లు ఉన్నాయి. తాగునీటికి అది లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదు, వేరే దారి లేకపోతే 1.5 దాకా. తాగడానికి వాడే ఏ కొత్త బోరునైనా పరీక్ష చేయించకుండా వాడకండి.

ఎప్పుడైనా బోరు వేయక తప్పకపోతే దగ్గర నిలబడి బయటికి వచ్చే రాతి పొడి రంగు చూసి రాసుకోండి. ఎరుపు, గోధుమ రంగు పొడి వచ్చినంత సేపూ మెత్త రాయి. బూడిద రంగు, నల్ల రంగు పొడి తడి లేకుండా వస్తే గట్టి రాయి తగిలినట్టు. చాలా బోర్లలో ఆ మెత్త రాయికంతటికీ కేసింగ్ వేసి మూసేస్తారు. గోడ కూలకుండా అది అవసరమే, కానీ నీరు ఎక్కువున్న పొర బోరుకు దూరమవుతుంది. మెత్త రాయి మందంగా, రాలకుండా ఉన్న చోట పాత నేలబావిని పూడిక తీసి, అడుగున 30, 40 మీటర్ల బోరు దించడం మేలు. బావి నిల్వ తొట్టెగా పనిచేస్తుంది, రాత్రంతా ఊరిన నీరు పగలు తోడుకోవచ్చు. ఇంకో మాట, 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం ప్రకారం కొత్త బోరుకు అనుమతి కావాలి, ఊరి తాగునీటి బోరుకు 250 మీటర్ల లోపు వేయకూడదు.

బోరు గాలి కొట్టడం ప్రతిసారీ నీరు లేకపోవడం కూడా కాదు. మోటారు పెద్దదైనా అలాగే ఉంటుంది. 200 లీటర్ల డ్రమ్ము నిమిషంలో నిండితే గంటకు 12,000 లీటర్లు తోడుతున్నారు. మార్చిలో మీ బోరులోకి గంటకు 5,000 లీటర్లే ఊరుతుంటే ఆ మోటారు అరగంట ఆడి గాలి మింగుతుంది, బేరింగులు పోతాయి, వైండింగ్ కాలుతుంది. డెలివరీ గొట్టానికి గేట్ వాల్వ్ పెట్టి ఫిబ్రవరి నుంచి సగం మూయండి. స్టార్టర్ పెట్టెలో డ్రై రన్ రిలే పెట్టించండి, నీరు అందనప్పుడు అది మోటారును ఆపేస్తుంది. మోటారు కాలినప్పుడు చిన్న హెచ్‌పీకి మారండి. ఇన్ని చేసినా ఊరకపోతేనే అది నీటి కరువు.

ఇక అసలు పని, ఊరి లెక్క. మీ పంచాయతీ 500 హెక్టార్లు అనుకుందాం, అంటే 1,235 ఎకరాలు. 88 మి.మీ. ఇంకితే 44 కోట్ల లీటర్లు. అందులో 70 శాతానికి మించి తోడితే ప్రభుత్వ లెక్కలో ఆ ప్రాంతం సురక్షితం కాదు. 90 దాటితే గడ్డు స్థితి, 100 దాటితే అతి తోడకం. మిగిలే 30 శాతమే గెడ్డల్లో వేసవి ఊటగా పారుతుంది, దాన్నీ తోడేస్తే గెడ్డ సంక్రాంతికే ఎండుతుంది. 70 శాతం అంటే దాదాపు 31 కోట్ల లీటర్లు. రెండు వేల జనాభాకు మనిషికి రోజుకు 55 లీటర్ల చొప్పున ఏడాదికి 4 కోట్లు, పశువులకు కొంత తీస్తే సేద్యానికి సుమారు 26 కోట్లు మిగులుతాయి. రబీ మొక్కజొన్నకు 500 మి.మీ. నీరు అంటే ఎకరాకు 20 లక్షల లీటర్లు. ఆ లెక్కన ఊరు మొత్తానికి 130 ఎకరాల మొక్కజొన్నకే నీరుంది. మినుముకు రెండు తడులు 50 మి.మీ. చొప్పున ఇస్తే ఎకరాకు 4 లక్షలు, అంటే 650 ఎకరాలు తడుస్తాయి. వర్షం 900 మి.మీ. పడిన ఏడాది ఈ అంకెలన్నీ తగ్గుతాయి. తడి పెట్టిన నీటిలో కొంత తిరిగి ఇంకుతుంది కాబట్టి ఇది పక్కా లెక్క కాదు, అంచనా. అయినా ఊళ్ళో ఇప్పుడు ఎన్ని ఎకరాల మొక్కజొన్న ఉందో లెక్కపెట్టి ఈ 130 పక్కన పెట్టి చూడండి, మార్చి సంగతి తేలిపోతుంది. రాయలసీమ, తెలంగాణ జిల్లాల్లో రైతులే భూగర్భ జలాన్ని చూసుకునే ఏపీ ఫామ్స్ పథకం కింద వాళ్ళే ఇలా నవంబరులో లెక్క వేసుకుని రబీ పంటలు ఎంచుకున్నారు. వర్షం ఎక్కువ పడే మన జిల్లాలకు ఆ లెక్క అవసరం లేదని ఎవరైనా అంటే నమ్మకండి. తొట్టె చిన్నదైతే వాన ఎక్కువైనా లెక్క తప్పదు.

మొక్కజొన్న మానేయమని చెప్పడం లేదు. ఆదాయం అందులోనే ఉంది, నాకు తెలుసు. వరి కోసిన మడిలో దున్నకుండా తేమ మీదే విత్తనం వేసే పద్ధతి మన జిల్లాల్లో ఇప్పటికే ఉంది, దానివల్ల మొదటి తడి మిగులుతుంది. మొక్క తలన పూత జల్లు, కండెకు పీచు వేసే దశల్లో మాత్రం తడి తప్పకూడదు, అక్కడ ఎండితే కండెలో గింజ పట్టదు. మిగతా తడులు దూరం చేయవచ్చు. బోరు బలహీనంగా ఉన్న మడుల్లో వరి కోతకు రెండు మూడు రోజుల ముందు మినుము, పెసర చల్లండి. మెట్టలో చోడి, నువ్వు వేయవచ్చు. రబీ వరి ఒక్క ఎకరా దాదాపు 48 లక్షల లీటర్లు తాగుతుంది, బోరు కింద అది ఎవరికీ వద్దు. డ్రిప్ మంచిదే, సబ్సిడీ కూడా ఉంది. కానీ డ్రిప్‌తో మిగిలిన నీటితో ఇంకో రెండెకరాలు పెంచితే నేలకు మిగిలేది సున్న. ఎకరాలు పెంచబోమని ముందే అనుకుంటేనే డ్రిప్ వల్ల భూగర్భ జలానికి లాభం.

ఇంకించే పనుల గురించి చాలా అడిగారు. ఒక నియమం పెట్టుకోండి. నవంబరులో మట్టం నేలకు 3 మీటర్ల లోపే ఉంటే ఆ చోట ఇంకుడు గుంత, ఊట చెరువు దండగ. తొట్టె నిండే ఉంది, పట్టే చోటే లేదు. అక్కడ పైన దాచాలి, అంటే పంటకుంట. పైన 10 మీటర్లు, కింద 5 మీటర్లు, లోతు రెండున్నర మీటర్ల కుంటలో సుమారు 1,45,000 లీటర్లు పడతాయి. స్ప్రింక్లర్‌తో 30 మి.మీ. చొప్పున ఒక ఎకరాను ఆగస్టు విరామంలో ఒకసారి గట్టెక్కిస్తుంది. అంతే దాని శక్తి, అంతకన్నా ఆశించకండి. కానీ ఆ ఒక్క తడి మోటారు వేయకుండా వచ్చింది, అదే విలువ. కుంటలోకి నీరు దిగేచోట మీటరు మీటరున్నర చదరపు ఒండ్రు గుంత లేకపోతే రెండేళ్ళలో పూడిపోతుంది.

నవంబరులోనే మట్టం 5, 6 మీటర్ల కింద ఉండే చోటే ఇంకించే పని లాభం. గెడ్డ మీద చెక్‌డ్యామ్ కన్నా ముందు ఊరి బందలకు వచ్చే కాలువలు తెరవండి, మదుములు (నీరు వదిలే తూములు) బాగుచేయండి, పూడిక తీసి ఆ మట్టి పొలాలకు తోలండి. ఉపాధి పనుల్లో ఇవి చేయించవచ్చు. మెట్టలో ఏటవాలుకు అడ్డంగా దున్నడం, గట్లు వేయడం, కోసిన మొక్కజొన్న చొప్ప తగలబెట్టకుండా నేల మీద పరచడం చిన్న పనులుగా కనిపిస్తాయి. కానీ ఎర్ర నేల పెచ్చు కట్టకుండా ఆపేది చొప్పే.

ఎండిన బోరు చుట్టూ గుంత తీసి నీరు దించే పద్ధతి చాలామంది తప్పుగా చేస్తున్నారు. కేసింగ్ చుట్టూ రెండు మీటర్ల వెడల్పు, రెండున్నర మీటర్ల లోతు తీయాలి. గుంతలో ఉన్న కేసింగ్ కింది మీటరు భాగానికి సన్న చిల్లులు వేసి, రెండు పొరల నైలాన్ జాలీ చుట్టి బిగించాలి. అడుగున తలకాయంత రాళ్ళు, పైన 40 మి.మీ. కంకర, ఆ పైన 20 మి.మీ. కంకర, జాలీ పరచి అన్నిటికన్నా పైన అర మీటరు ఇసుక. రంగు మారిన ఇసుకను ఏటా జూన్‌కు ముందు తీసి మార్చాలి, లేకపోతే మూడో ఏటికి నీరు పైనే నిలుస్తుంది. రోడ్డు నీరు, పశువుల శాల నీరు, ఎరువు చల్లిన మడి నీరు ఇందులోకి ఎప్పుడూ పంపకండి. అది నేరుగా అందరి తాగునీటిలోకి పోతుంది, నైట్రేట్ లీటరుకు 45 మిల్లీగ్రాములు దాటితే పసిపిల్లలకు ప్రమాదం. ఇంటి కప్పు నీరు మంచిది. 100 చదరపు మీటర్ల డాబా మీద 50 మి.మీ. వానకు సుమారు 4,000 లీటర్లు వస్తాయి. మొదటి 150 లీటర్లు దుమ్ముతో ఉంటాయి కాబట్టి బయటికి వదిలేయాలి.

మీ అత్తవారి ఊరి సంగతి వేరు. అక్కడ రాయి కాదు, ఇసుక. వాన నీరు తేలిక కాబట్టి ఉప్పు నీటి మీద తేలుతూ ఉంటుంది. సముద్ర మట్టం కన్నా మంచినీటి మట్టం ఒక మీటరు ఎత్తున ఉంటే, కింద దాదాపు 40 మీటర్ల దాకా మంచినీరే అని లెక్క. దీనికి రెండో వైపు ఉంది. తోడి ఆ మట్టాన్ని 10 సెంటీమీటర్లు దించితే కింద ఉప్పు 4 మీటర్లు పైకి వస్తుంది. హిందూ మహాసముద్రపు ఉత్తర భాగంలో 1993 నుంచి 2017 దాకా సముద్ర మట్టం ఏడాదికి 3.3 మి.మీ. చొప్పున పెరిగింది. 30 ఏళ్ళకు 10 సెంటీమీటర్లు. మోటారు ఒక్క వేసవిలో దించే మట్టం అంతకన్నా ఎక్కువ. అందుకే సముద్రం పెరగడం నిజమే అయినా, ఇవాళ ఆ బావిని ఉప్పు చేస్తున్నది ఎక్కువగా మోటారే అని నా అభిప్రాయం. పక్కన రొయ్యల చెరువులూ, ఉప్పుటేరూ ఉంటే అవి మరో కారణం.

ఏది కారణమో ఒక్క పూటలో తెలుస్తుంది. నీటిలో కరిగిన ఉప్పులను లీటరుకు మిల్లీగ్రాముల్లో చూపే టీడీఎస్ పెన్ కొద్ది వందలకే దొరుకుతుంది, అది తీసుకుని, మోటారు వేసిన పది నిమిషాలకు, గంటకు, నాలుగు గంటలకు నీరు కొలవండి. అంకె పెరుగుతూ పోతే ఉప్పు కింది నుంచి లేస్తోంది. మొదటి నుంచీ ఒకేలా ఎక్కువగా ఉంటే పక్క నుంచి, పై నుంచి వస్తోంది. తాగునీటికి 500 లోపు మంచిది, వేరే నీరు లేకపోతే 2,000 దాకా. కింది నుంచి లేస్తుంటే లోతు పెంచడం అన్నిటికన్నా చెడ్డ పని. ఫిల్టర్ పాయింట్‌ను, అంటే ఇసుకలోకి దించిన జల్లెడ గొట్టాన్ని పైకి లాగాలి, అర హెచ్‌పీ మోటారుతో నెమ్మదిగా, ఎక్కువ గంటలు తోడాలి. ఒక లోతైన గొట్టం బదులు రెండు మూడు తక్కువ లోతువి దూరదూరంగా వేయాలి. మన తీరంలో పూర్వం దొరువులు, అంటే ఇసుకలో లోతులేని నీటి గుంటలు తవ్వింది ఇందుకే, పైనున్న మంచినీటి మీగడ మాత్రమే తీసుకోవడానికి. ఇప్పుడు అదే పని నాలుగంగుళాల చిల్లుల పీవీసీ గొట్టాలు జాలీ చుట్టి, మే మట్టానికి కాస్త కింద అడ్డంగా పూడ్చి, ఒక రింగు బావిలోకి కలిపి చేయవచ్చు. ఇసుక దిబ్బలను తవ్వనివ్వకండి. ఆ దిబ్బ ఎత్తే మంచినీటి ఎత్తు. ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటల కింద ఉన్న నీరు కూడా ఇసుకలో నిలిచిన వాన నీరే. అక్కడి కిడ్నీ జబ్బుకు ఒకే కారణం ఇంకా తేలలేదు కాబట్టి దాన్ని వాతావరణానికి అంటగట్టడం తగదు. అక్కడ తాగునీరు పైపుల ద్వారా వచ్చే నీటి నుంచే తీసుకోవాలి.

తుపానుకు సముద్రపు నీరు బావిలోకి వస్తే చాలామంది వెంటనే పెద్ద మోటారు పెట్టి ఖాళీ చేస్తారు. అది పొరపాటు. గట్టిగా తోడితే కింది ఉప్పు పైకి లేచి బావి ఎక్కువ కాలం పాడవుతుంది. పైన తేలిన చెత్త, బురద తీసి, చిన్న మోటారుతో కొద్దికొద్దిగా తోడి, ఆ నీటిని బావికి దూరంగా వదలండి. రోజూ టీడీఎస్ రాస్తూ ఉండండి, దిగుతుంటే కొనసాగించండి, పెరిగితే ఆపి వాన కోసం ఆగండి. క్రిములకు బ్లీచింగ్ పౌడర్ 1,000 లీటర్లకు రెండున్నర గ్రాములు. మూడు మీటర్ల వ్యాసం బావిలో మూడు మీటర్ల నీరుంటే సుమారు 21,000 లీటర్లు, అంటే 53 గ్రాములు. బకెట్లో కలిపి, సున్నం కిందికి దిగనిచ్చి, పైన తేరిన నీరే బావిలో పోసి గంట ఆగి వాడండి. బ్లీచింగ్ ఉప్పును తగ్గించదు, అది వేశారు కదా అని ఉప్పునీరు తాగించకండి.

ఈ నెలాఖరులో మీ బోరు, పక్క నాలుగు బోర్లు కొలిచి, కేసింగ్ ఎత్తు తీసివేసిన లోతులూ, ఊళ్ళో మొక్కజొన్న ఎకరాలూ, డ్రమ్ము నిండే సెకన్లూ రాసి పంపండి. ఆ మూడూ ఉంటే మీ ఊరికి ఈ రబీలో ఎన్ని ఎకరాలు వేయవచ్చో లెక్క వేసి చెబుతాను.